పారదర్శక తువాలు

గాదెలపాడు పశువుల సంతలో దళారి చెంచయ్య ఒక శనివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎన్ని మాటలు మాట్లాడతాడో పనీపాటా లేనివాళ్ళు ఒకసారి లెక్కపెట్టారు. పదిహేడు తేలాయి. అందులో పది ఎడ్లతో, నాలుగు టీ కొట్టు మస్తానుతో. బేరానికి వచ్చే మనుషులకు మిగిలినవి మూడే: "ఊఁ", "కాదు", "కట్టుకుపో". ఈ మూడు మాటల పెట్టుబడితో ఆయన ముప్పై రెండేళ్ళు వ్యాపారం చేశాడు, రేకుల ఇంటిని స్లాబు చేశాడు, ఎవరి చేతా మాట పడలేదు.

తక్కిన వ్యాపారమంతా తువాలు కింద.

తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. పశువుల బేరంలో ధర నోటితో చెప్పరు. కొనేవాడు తన కుడిచెయ్యి దళారి చేతిలో పెడతాడు, పైన తువాలు కప్పుతారు. వేలు పట్టుకుంటే ఒక లెక్క, కణుపు నొక్కితే ఒక లెక్క, గుప్పెడు మొత్తం పిసికితే ఇంకో లెక్క. కింద చేతులు పోట్లాడుకుంటుంటే పైన ముఖాలు మబ్బు వంక చూస్తున్నట్టు ఉంటాయి. తర్వాత అదే తువాలు అమ్మేవాడి చేతి మీదికి పోతుంది. చుట్టూ యాభైమంది మూగినా ధర తెలిసేది ముగ్గురికే. గతిలేక అమ్ముకునేవాడి గతి ఊరికి తెలియదు. పొగరుకు కొన్నవాడి తెలివి ఇంట్లో తెలియదు. ఇక సొంత ఎద్దును నలుగురిలో పొగిడితే దిష్టి తగులుతుందన్న సంగతి గాదెలపాడులో పుట్టిన దూడకు కూడా తెలుసు. కాబట్టి పొగడ్త లేదు, ధర లేదు, అరుపు లేదు. అయినా సంత నడిచేది.

ఇట్లా ఉండగా జిల్లా సూక్ష్మవ్యాపార ప్రచార వికాస సంస్థ ఉప సంచాలకులు పరాంకుశరావు గారు మూడు రోజుల శిక్షణ కోసం ఒక కొండ మీది హోటలుకు వెళ్ళారు. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళారు. వచ్చాక కారు దిగీ దిగకుండానే డ్రైవరును, "నీ గురించి నువ్వు ఒక్క వాక్యంలో ఏం చెప్పుకుంటావ్?" అని అడిగారట. డ్రైవరు, "డీజిలు అయిపోయింది సార్," అన్నాడు. జిల్లాలో ప్రచార స్పృహ ఎంత అడుగున ఉన్నదో ఆయనకు అప్పుడే అర్థమైంది.

వారం తిరక్కుండా చిన్న వ్యాపారుల సర్వే మొదలైంది. పద్నాలుగో ప్రశ్న, "మీరు మీ వ్యాపారమును ఏ విధముగా ప్రచారము చేసుకొందురు?" సర్వే మనిషి ఆ ప్రశ్న చెంచయ్యను మూడుసార్లు అడిగాడు. మొదటిసారి చెంచయ్య అతన్ని చూశాడు. రెండోసారి ఎద్దును చూశాడు. మూడోసారి "టీ తాగుతావా?" అన్నాడు. సర్వే మనిషి టీ తాగి, గళ్ళలో 'అంతర్ముఖుడు' అని రాసుకుపోయాడు.

ఆ ఒక్క మాట పరాంకుశరావు గారి నిద్ర చెడగొట్టింది. సమాజంలో ఇంతకాలం ఎవరూ పట్టించుకోని ఒక వర్గం ఆయనకు దొరికింది. అంతర్ముఖ వ్యాపారుల అభ్యున్నతి పథకం మంజూరైంది. డివిజనుకు రెండు వందల మంది అంతర్ముఖులను గుర్తించాలని లక్ష్యం పెట్టారు. గుర్తింపు పొందినవారికి ఒక సంచీ, ఒక పెన్ను, శిక్షణ జరిగినన్నాళ్ళు కోడిగుడ్డుతో భోజనం.

పేర్ల నమోదు రోజున మార్కెట్ యార్డు గేటు విరిగింది. "నేను అంతర్ముఖుణ్ణి, ముందు నా పేరు రాయండి!" అని నూటతొంభై తొమ్మిది మంది ఒకరి మీద ఒకరు పడి అరిచారు. వాళ్ళలో అందరికన్నా గట్టిగా అరిచినవాడు సైదులు. అతనూ దళారే, చెంచయ్యను మావా అని పిలుస్తాడు, సంతలో అతను దగ్గితే పక్క ఊళ్ళో కుక్కలు లేస్తాయి. చెంచయ్య మాత్రం గేటు దగ్గరికి రాలేదు. రెండు వందో పేరు కోసం గుమాస్తా ఆయన దగ్గరికే పోయి వేలిముద్ర వేయించుకొచ్చాడు.

మొదటి రోజు పరాంకుశరావు గారు ప్రారంభోపన్యాసం చేశారు. "అంతర్ముఖుడనగా ఎవరు? లోపలి వైపునకు ముఖము గలవాడు."

సైదులు లేచాడు. "లోపలికి మొకం ఉంటే గడ్డం ఎట్టా గీసుకుంటాడు సార్?"

"మంచి ప్రశ్న. ఇటువంటి చైతన్యమే ప్రభుత్వము ఆశించుచున్నది," అన్నారు ఉప సంచాలకులు, రాసుకుంటూ.

శిక్షణ ఇచ్చింది ప్రణీత్ అనే కుర్ర నిపుణుడు. నగరం నుంచి వచ్చాడు. మనిషి మంచివాడే, ఎండలో కూడా నవ్వుతూనే ఉండేవాడు. "ప్రతి బిజినెస్‌కీ ఒక కథ ఉంటుంది సర్. కథ చెప్పండి, కస్టమర్ తనంతట తనే వస్తాడు," అనేవాడు. ఒకరోజు చెంచయ్య ముందుకొచ్చి కూర్చున్నాడు.

"చెప్పండి సర్. మీ దగ్గర అమ్మకానికి ఒక ఎద్దుంది. దాని గురించి ఏం చెప్తారు?"

చెంచయ్య చాలాసేపు ఆలోచించాడు. "ఎద్దే చెప్పుద్ది."

"ఎద్దేం చెప్తుంది సర్?"

"నడిపిస్తే."

ప్రణీత్ నవ్వు ఆపకుండానే చెమట తుడుచుకున్నాడు.

తర్వాతి పాఠం లిఫ్టు ప్రసంగం. లిఫ్టులో పెద్ద వ్యాపారి కలిస్తే, అది పై అంతస్తుకు చేరేలోపు మన సంగతంతా చెప్పి అతన్ని పడగొట్టాలి. గాదెలపాడులో లిఫ్టు లేదు. అంతస్తులున్న కట్టడం ఏదైనా ఉందంటే అది మంచినీళ్ళ ట్యాంకు. కాబట్టి ట్యాంకు మెట్లు ఎక్కుతూ చెప్పమన్నారు. పెద్ద వ్యాపారి పాత్రకు యార్డు అటెండరు ఏసోబును నియమించారు. ఏసోబు రోజంతా ఎక్కాడు, దిగాడు. సైదులు నలభై మెట్లలో పన్నెండో మెట్టుకే తన చరిత్ర, తన తాత చరిత్ర చెప్పేసి, ఆయాసం వచ్చి కూలబడ్డాడు. చెంచయ్య పైదాకా ఎక్కి, మూత తీసి, నీళ్ళలోకి చూసి, దిగొచ్చాడు.

"ఏం చెప్పాడు?" అని అడిగారు పరాంకుశరావు గారు.

"మెట్టు ఊగతంది, చూసుకో అన్నాడు సార్," అన్నాడు ఏసోబు.

ఏసోబు మోకాళ్ళు వారం దాకా కుదుటపడలేదు. చెంచయ్యకు సున్నా మార్కులు వచ్చాయి.

ఇంతవరకు ఎవరికీ నష్టం లేదు. సంచీలు గట్టివి, గుడ్డు పెద్దది. నష్టం సర్క్యులరుతో వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, దళారీ లైసెన్సు పునరుద్ధరణకు ఇకపై గళ ధ్రువీకరణ పత్రము తప్పనిసరి. ప్రతి బేరమునకు కనిష్ఠముగా మూడు వందల పదములు ఉచ్చరింపవలెను. పదములను లెక్కించుటకు సిబ్బందిని నియమించడమైనది. మరియు, తువాలు కింద జరుగుచున్న వ్యవహారము పారదర్శకతా సూత్రములకు విరుద్ధము. అయితే తువాలు సంప్రదాయ వారసత్వము అగుటచే నిషేధింపరాదు. కావున పారదర్శక తువాళ్ళను సంస్థయే ఉచితముగా సరఫరా చేయును."

పారదర్శక తువాలంటే పెళ్ళి భోజనాల్లో బల్లల మీద పరిచే ప్లాస్టిక్ కాగితం. ఒక మూల సంస్థ ముద్ర, ఇంకో మూల 'మాట్లాడు – ఎదుగు' అన్న అక్షరాలు. దాని కింద చెయ్యి పెడితే వేలి గోళ్ళలో మట్టి కూడా కనిపిస్తుంది. పంచిన రోజే ఒకటి ఒక ఎద్దు నమిలింది. ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినందుకు సంజాయిషీ కోరుతూ ఎద్దు యజమానికి నోటీసు వెళ్ళింది. ఎద్దుకు ప్రతి పంపారు.

చెంచయ్య లైసెన్సు గడువు ఇంకో మూడు వారాల్లో తీరుతుంది. సైదులు లాంటివాడికైతే లైసెన్సు పోయినా ఫరవాలేదు. ముళ్ళతుమ్మల వెనక నిలబడి బేరాలు చేసుకోగలడు. చెంచయ్య అట్లా కాదు. ఆయన కుదిర్చిన గొడ్డు ఎనిమిది రోజుల్లో కుంటినా, దగ్గినా, మేత మానేసినా, కొన్నవాడు తిరిగి తోలుకొచ్చి అడగొచ్చు. ఆయన అదే రాటకు కట్టించి లెక్క తేల్చేవాడు. దొంగచాటున బేరం చేసినవాణ్ణి ఏ రాట దగ్గర వెతుక్కోవాలి? లైసెన్సు పోతే ఆయనకు సంత లేదు. సంత లేకపోతే యాభై ఎనిమిదేళ్ళ మనిషికి వేరే విద్య లేదు.

పారదర్శక తువాలుతో ఆయన చేసిన మొదటి బేరం తూర్పుపాలెం పున్నమ్మది.

పున్నమ్మ మొగుడు పొలం గట్టు మీంచి పడి నడుం విరిగి మంచం పట్టాడు. జతలో ఒక ఎద్దును అమ్మాలి. ఎంతకు తెగినా అమ్మక తప్పదు, కానీ ఆ సంగతి మరుదులకు తెలిస్తే రెండోదాన్ని వాళ్ళే గడ్డిపరక ధరకు లాక్కుంటారు. అందుకే చెంచయ్య దగ్గరికొచ్చింది. "అన్నా, నాలుగు కళ్ళు పడకుండా చూడు," అంది. చెంచయ్య "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" మీద ఆ సంతలో ఎంతమందో ప్రశాంతంగా నిద్రపోయారు.

ప్లాస్టిక్ కాగితం కప్పగానే నాలుగు కళ్ళు కాదు, నాలుగు వందల కళ్ళు వంగాయి. ఏసోబు గొర్రెల లెక్క మిషను వేలికి తగిలించుకుని పక్కన నిలబడ్డాడు. ఒక్కో మాటకు ఒక్కో నొక్కు. ప్రణీత్ మైకు పట్టుకున్నాడు. ప్రేక్షకుల ఆసక్తి నిలపడానికి వ్యాఖ్యానం కూడా ఉండాలని పైనుంచి ఆదేశం.

"చూపుడు వేలు పట్టుకున్నారు! కొనేవారు చూపుడు వేలు పట్టుకున్నారు సర్! ఇప్పుడు కణుపు... కణుపు నొక్కుతున్నారు! ఇప్పుడు తువాలు అమ్మగారి చేతి మీదికి! చెయ్యి వెనక్కి తీసుకుంటారా? లేదు, లేదు, ఒప్పుకునేలా ఉన్నారు!"

జనంలోంచి ఎవరో అన్నారు: "అబ్బో, అంత తక్కువకా? ఇంట్లో గింజ లేదేమో."

గుంపు వెనక పెద్ద మరిది మెడ చాచి చూస్తున్నాడు.

పున్నమ్మ చెయ్యి లాక్కుంది. "అన్నా, నా ఎద్దును నేను అమ్మను," అని పలుపు విప్పుకుని గేటు దాటిపోయింది. చెంచయ్య ఏదో అనాలని నోరు తెరిచాడు. ఏసోబు బొటనవేలు మిషను మీద ఎదురుచూసి ఎదురుచూసి, అలిసిపోయింది; మిషను సున్నా చూపించింది. బేరానికి మూడు వందల మాటలు తక్కువైనాయని చెంచయ్యకు మొదటి హెచ్చరిక రాశారు.

ఆ తర్వాతి శనివారం సంతకు పశువులు రాలేదు. ఇటుక బట్టీ పక్కన, కంపచెట్ల చాటున, వాగులో, ఎక్కడ పడితే అక్కడ పట్టపగలే పాత గుడ్డ తువాళ్ళు లేచాయి. సైదులు వాగులో రోజుకు ఎనిమిది బేరాలు తెంపాడు. యార్డులో మైకులు, ఫ్లెక్సీలు, పారదర్శక తువాళ్ళు, నూటతొంభై మంది అంతర్ముఖులు మిగిలారు. వాళ్ళు ఒకరికొకరు తమ కథలు చెప్పుకున్నారు. లెక్క మిషను వేడెక్కింది. నెలాఖరు నివేదికలో పరాంకుశరావు గారు ఇట్లా రాశారు: "సంతలో ఉచ్చరింపబడిన పదములు నాలుగు లక్షల పన్నెండు వేలు. వచ్చిన పశువులు పదకొండు. అనగా ఒక్కొక్క పశువునకు ముప్పై ఏడు వేల పదములకు పైబడి ప్రచారము లభించినది. ఇంతటి శ్రద్ధ ఏ జిల్లాలోను పశువుల పట్ల చూపబడలేదు."

పై అధికారులు అభినందన లేఖ పంపారు.

సర్క్యులరులో తొమ్మిదో నియమం ఒకటి ఉందని చెంచయ్య భార్య అంకమ్మ కనుక్కుంది. సహజంగా మాట్లాడనివాళ్ళు మినహాయింపు కోరవచ్చు. ఆమె మొగుణ్ణి లాక్కుని ఆఫీసుకు పోయింది.

"మా ఆయన మాట్లాడడు సార్," అంది. "పెళ్ళిచూపుల్లోనే నోరు తెరవలా. మూగోడనుకున్నా. మూగోడైతే గొడవుండదని ఒప్పుకున్నా."

"ఆ విషయము దరఖాస్తుదారుడే కమిటీ ఎదుట మౌఖికముగా నిరూపించవలెనమ్మా," అన్నారు పరాంకుశరావు గారు. "తాను ఎందుచేత మాట్లాడలేడో పదిహేను నిమిషాలు తగ్గకుండా వివరించవలెను."

"వివరిస్తే ఇస్తారా?"

"సంతృప్తికరముగా వివరించినచో, మాట్లాడగలడని తేలినట్లే గదా. అప్పుడు మినహాయింపు అవసరము లేదు."

"వివరించకపోతే?"

"దరఖాస్తు అసంపూర్ణము."

అంకమ్మ కొంగు దోపుకుంది. "అయితే నేను వివరిస్తా, రాసుకోండి. ఆయన గొడ్డు పళ్ళు చూసి వయసు చెప్తాడు, నడక చూసి రోగం చెప్తాడు, మనిషిని చూసి అప్పుడే పారిపొమ్మని నాకు కన్నుతో చెప్తాడు. ముప్పై రెండేళ్ళలో ఆయన మీద తిరిగొచ్చిన గొడ్డు నాలుగంటే నాలుగు. మీరు పంపిన సర్క్యులర్లు ఎన్ని తిరిగొచ్చాయో చెప్పండి చూద్దాం!"

పరాంకుశరావు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "మీరు బహిర్ముఖులమ్మా. మీకు ఈ పథకము వర్తించదు."

చివరికి ఒక దారి మిగిలింది. పథకం ముగింపు సందర్భంగా అంతర్ముఖుల మహాసమ్మేళనం జరుగుతుంది. అందులో మూడు నిమిషాలు విజయగాథ వినిపించినవాళ్ళకు గళ ధ్రువీకరణ పత్రం అక్కడికక్కడే ఇస్తారు. విజయగాథలో కనీసం ముగ్గురు సంతృప్త ఖాతాదారుల పేర్లు, వాళ్ళతో జరిగిన లావాదేవీల వివరాలు ఉండాలి. సమ్మేళనం శుక్రవారం. లైసెన్సు గడువు తీరేదీ ఆ శుక్రవారమే.

చెంచయ్య ఆఫీసు గడపలో నిలబడి మొదటిసారి నోరు విప్పాడు. "వివరాలంటే?"

"సమస్తము. పారదర్శకత."

"ధర కూడానా?"

"ధరయే ముఖ్యము."

"ఊఁ," అన్నాడు చెంచయ్య.

శుక్రవారం యార్డు షెడ్డు కిటకిటలాడింది. అంతర్ముఖులు ఎంత గోల చేశారంటే, మౌనం పాటించమని నాలుగుసార్లు మైకులో బతిమాలాల్సి వచ్చింది. 'మౌనం వీడు – మార్కెట్టు ఏలు' అన్న బ్యానరు కింద వేదిక మీద పరాంకుశరావు గారు, ప్రణీత్, మధ్యలో మార్కెట్ కమిటీ చైర్మన్ మాలకొండారెడ్డి.

మాలకొండారెడ్డి గురించి ఒక ముక్క చెప్పకపోతే కుదరదు. బండలాగుడు పందేలకు ఆయన కొన్న ఎడ్ల జత ఆ తాలూకాకే గొప్ప. ఎనిమిది లక్షలకు కొన్నానని ఆయన చెప్పని పెళ్ళి లేదు, పేరంటం లేదు. జతలో సగం వాటా బామ్మర్ది బాలకోటిరెడ్డిది. అంటే నాలుగు లక్షలు. ఆ బామ్మర్ది ముందు వరసలోనే, ఇస్త్రీ మడత నలక్కుండా కూర్చున్నాడు. ఆ ఎడ్ల బేరం కుదిర్చింది చెంచయ్య.

పేరు పిలిచారు. చెంచయ్య మెట్లెక్కి మైకు ముందు నిలబడ్డాడు. ఏసోబు మిషను సిద్ధం చేసుకున్నాడు. వెనక వరసల్లోంచి సైదులు, "మావా! ట్యాంకు ఎక్కినట్టు ఎక్కేశావు, ఇంక దూకటమే!" అని అరిచాడు. అంకమ్మ స్తంభం పట్టుకుని నిలబడింది. ఆమెకు మొగుడి మెడ మీద నరం కొట్టుకోవడం కనిపిస్తోంది.

"నా పేరు చెంచయ్య." మూడు నొక్కులు.

ఊపిరి తీసుకున్నాడు. అక్కడే ఆగిపోతాడేమోనని ప్రణీత్ పెదాలు కదుపుతూ అందించబోయాడు.

"నా దగ్గర కొన్న పెద్దలు ముగ్గురు. ఒకరు మన చైర్మన్ మాలకొండారెడ్డి గారు."

చప్పట్లు. మాలకొండారెడ్డి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ తర్వాత ఆ చెయ్యి మీసం మీదే ఉండిపోయింది. చెంచయ్య భుజం మీది తువాలు తీసి మైకు కర్రకు తగిలించి, కుడిచెయ్యి పైకి ఎత్తాడు. ముప్పై రెండేళ్ళలో ఆ చేతిని బేరం మాట దగ్గర బట్ట లేకుండా ఎవరూ చూడలేదు. గుప్పెడు మూసి ఉంది.

చూపుడు వేలు లేచింది.

షెడ్డు చల్లబడింది. పందెపు ఎడ్ల బేరంలో వేలంటే లక్ష. అక్కడ కూర్చున్న ప్రతి రైతుకూ ఆ లెక్క తెలుసు.

మధ్యవేలు లేచింది. రెండు.

బాలకోటిరెడ్డి ముందుకు వంగాడు. వెనక వరసలవాళ్ళు బెంచీల మీదికి ఎక్కారు.

ఉంగరపు వేలు ఒక్కటే లేవడం ఎవరికైనా కష్టం. చెంచయ్యది మెల్లగా సగం దాకా లేచింది.

"ఆగవయ్యా!" మాలకొండారెడ్డి కుర్చీ వెనక్కి పడింది. ఒక్క గెంతులో మైకు అందుకున్నాడు. "కోటిరెడ్డీ, మూడంటే మూడని కాదు! నువ్వు తొందరపడమాక! లారీ కిరాయి ఉంది, తౌడుంది, వాటికి ఉలవలెవడు పెడుతున్నాడు, జీతగాడి బత్తెం ఎవడిస్తున్నాడు, అవన్నీ కలుపుకో! మూడుకే తెగిందని నేను చెప్పకపోవటం దేనికంటే, ఎడ్ల పరువు కోసం! మన ఇంటి పరువు కోసం!"

మైకులు మూడు ఊళ్ళకు వినిపించేవి. సంస్థ సరఫరా చేసినవే.

"మూడా?" బాలకోటిరెడ్డి లేచాడు. "బావా, సగమని నా దగ్గర నాలుగు తీసుకున్నావే! సగం నాలుగైతే మొత్తం మూడెట్టా అవుద్ది? జతలో ఎద్దులు రెండా, ఒకటిన్నరా?"

షెడ్డు పగిలిపోయింది. చైర్మన్ మైకు వదల్లేదు. వదిలితే బామ్మర్ది అందుకుంటాడని భయం. చెప్పాడు, మళ్ళీ చెప్పాడు, అతని అక్క పేరు తీశాడు, మామగారి పేరు తీశాడు. ఏసోబు అధికారి కాదు, నౌకరు. ఎవరు మాట్లాడుతున్నారన్నది అతనికి అనవసరం. నొక్కుతూనే ఉన్నాడు.

గోల కాస్త తగ్గాక చెంచయ్య మైకు దగ్గరికి జరిగాడు. అప్పగించిన పని ఇంకా పూర్తి కాలేదు. "రెండో పెద్దమనిషి..." అని వేదిక మీద ఉన్నవాళ్ళను వెతుకుతూ తల తిప్పాడు. ఆ చూపు పరాంకుశరావు గారి మీద ఆగింది. పరాంకుశరావు గారు అత్తవారికి కానుకగా ఇచ్చిన మేలుజాతి గేదెకు నాలుగు చన్లలో మూడింటిలోంచే పాలు వస్తాయన్నది ఇద్దరే ఎరిగిన సంగతి.

"సమయము!" అని లేచారు ఉప సంచాలకులు. "సమయము అయిపోయినది!"

ప్రసంగాల లెక్కకు పెట్టిన గడియారం ఇంకా సున్నా దగ్గరే ఉంది. దాన్ని నడిపించడం ప్రణీత్ మరిచిపోయాడు.

కమిటీ పక్కగదిలోకి పోయి తలుపు వేసుకుంది. పావుగంటలో తీర్మానం చదివారు.

"శ్రీ చెంచయ్య గారి మౌనము విస్తృత ప్రజాప్రయోజనము దృష్ట్యా అత్యంత అవసరమని ఏకగ్రీవముగా భావించడమైనది. వారికి జీవితకాల లైసెన్సు మంజూరు చేయడమైనది. వారిని ఏ వేదిక మీదను, ఏ సందర్భమునను, ఎవరును మాట్లాడింపరాదు. పారదర్శక తువాళ్ళను పశువుల జీర్ణకోశ ఆరోగ్యము దృష్ట్యా ఉపసంహరించడమైనది. బేరములు పూర్వపద్ధతిలో జరుపుకొనవచ్చును."

ఏసోబు మిషను చూపించాడు. చైర్మన్ ఒక్కడే ఏకబిగిన నాలుగు వందల ఆరు మాటలు పూర్తి చేశాడు. నియమం నియమమే గనుక గళ ధ్రువీకరణ పత్రం ఆయనకిచ్చారు. నలభై సెకన్లలో సభను కదిలించిన లబ్ధిదారుడి ఉదంతం పరాంకుశరావు గారు ఇంకో కొండ మీది హోటల్లో బొమ్మలతో సహా వివరించారని, రాష్ట్రమంతటా దాన్ని అమలు చేయబోతున్నారని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం చెంచయ్య, అంకమ్మ ఇంటికి నడుస్తున్నారు. తాళ్ళ కొట్టు దాటారు, పిండిమర దాటారు. అంకమ్మ ఆపుకోలేకపోయింది.

"ఎంత పని చేశావయ్యా! ఒకరి ధర ఇంకొకరికి చెప్పని మనిషివి. నాకే ఎన్నడూ చెప్పలా. లైసెన్సు కోసం నలుగురిలో ఆయన బతుకు బయటపెట్టావు గదా."

చెంచయ్య నడుస్తూనే ఉన్నాడు.

"మాట్లాడవే? మూడు వేళ్ళు ఎత్తావా లేదా?"

"ఎత్తా."

"మరి?"

కాలువ వంతెన వచ్చింది. వంతెన మీద ఆగి, తువాలుతో మెడ తుడుచుకున్నాడు.

"రెండో చెయ్యి కూడా ఎత్తేవాణ్ణే. మొత్తం ఎనిమిది చూపిద్దామనుకున్నా. ఊళ్ళో ఆయన చెప్పుకుంది అదేగా." తువాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. "మూడు కాడికే ఆయన ఆగలేకపోయాడు."